శుభోదయం, ఫలానా ఊరా!

ఇంగ్లండ్ రేడియోలో "మన సౌత్ యార్క్‌షైర్" అన్న మాట వినబడితే చాలు, మేనేజ్‌మెంట్ శాస్త్రానికి ఓ దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ మాటన్న మనిషి ఆ పూట సౌత్ యార్క్‌షైర్‌లో ఉండడు. ఉండనక్కర్లేదు కూడా. అయినా "మన"! ఇంత ఆప్యాయత పెళ్లిళ్ల పేరయ్య దగ్గర కూడా చూడం.

ఇంగ్లండ్ ఉత్తరాన, ఆ సౌత్ యార్క్‌షైర్‌లోనే ఉన్న షెఫీల్డ్ ఏడు కొండల మీద కట్టిన ఊరని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. (వినగానే మనం చేతులు జోడిస్తాం, అది వేరే సంగతి.) ఎఫ్‌ఎం తరంగాలకి కొండలంటే పడదు, లోయలో దిగిన ఇంటికి సరిగా అందవు. అందుకే అక్కడి హాలమ్ ఎఫ్‌ఎంకి ఒక్క నంబరు చాల్లేదు. షెఫీల్డ్‌కి 97.4, బార్న్‌స్లీకి 102.9, డాంకాస్టర్‌కి 103.4. ఊరికో నంబరు పెట్టి మరీ మాట చేరవేసిన స్టేషన్ అది.

దాని పుట్టుక 1974 అక్టోబర్ 1న. అప్పటి పేరు రేడియో హాలమ్. ఆ రోజుల్లో పాపం ప్రభుత్వానికి వ్యాపారం తెలీదు. 1972 చట్టంతో ప్రైవేటు రేడియోకి తలుపు తీసింది గానీ, ఐబీఏ అనే నియంత్రణ సంస్థని గుమ్మంలోనే కాపలాదారుగా కూర్చోబెట్టింది. గంటకి 9 నిమిషాలకి మించి ప్రకటనలు వద్దు. ప్రకటనల రాబడిలో 3 శాతం లైవ్ సంగీతానికి ఖర్చుపెట్టు. ట్రాన్స్‌మిటర్లు మావి, అద్దె కట్టు. పైగా రికార్డు కంపెనీలతో ఒప్పందం ప్రకారం రోజుకి 9 గంటలకి మించి రికార్డులు వెయ్యకూడదు.

మిగతా గంటలు దేనితో నింపాలి? గతిలేక మనుషుల్ని మాట్లాడించారు. ఫోన్ చేసినవాళ్లు, కౌన్సిల్‌ని తిట్టేవాళ్లు, ఊళ్లో బ్యాండ్లు, ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు. ఊరు రేడియోలోకి ఎవరి ప్రేమ వల్లో రాలేదు, నిబంధన వల్ల వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత వచ్చిన పెద్దమనుషులంతా నిబంధన తీసేస్తే ప్రేమ పొంగుతుందన్నారు.

ఆ తర్వాతి కథ మామూలే. 1987లో బ్రాడ్‌ఫర్డ్, హల్ స్టేషన్లతో కలిపి యార్క్‌షైర్ రేడియో నెట్‌వర్క్ అన్నారు. 1990లో మెట్రో గ్రూపు కొంది, 1995లో ఈమ్యాప్ కొంది, 2008లో బావర్ కొంది. కొన్న ప్రతివాడూ స్థానికతే మా బలం అన్న ధోరణిలోనే మాట్లాడాడు. 2018లో ఆఫ్‌కామ్ (ఈ కాలపు ప్రసార నియంత్రణ సంస్థ) కరుణించింది: గంటగంటకీ స్థానిక వార్తలు చదివితే పగటిపూట మూడు గంటల స్థానిక కార్యక్రమం చాలు. ఆ మూడు గంటలు కూడా ఊళ్లోనే తయారవక్కర్లేదు, ఆమోదిత ప్రాంతంలో, అంటే చాలా ఊళ్లు కలిపి గీసిన పెద్ద ముక్కలో, ఎక్కడైనా సరే. 2024 ఏప్రిల్ 17న పేరు కూడా తీసేసి హిట్స్ రేడియో సౌత్ యార్క్‌షైర్ అని బోర్డు మార్చారు. ఆ మేలో వచ్చిన మీడియా చట్టం కార్యక్రమాల బెడదే లేకుండా చేసింది, వార్తలూ సమాచారం మాత్రం ఉంచింది. 2025 జూన్‌లో పొద్దుటి షో కూడా నెట్‌వర్క్‌లో, అంటే ఒకే గదిలోంచి చాలా ఊళ్లకి వెళ్లే ఒకే షోలో, కలిసిపోయింది.

మరి "మన" అనేది ఎలా తయారవుతుంది? ఇది చూడవలసిన కళ. గాజుగదిలో ఒక యాంకర్, ఎదురుగా స్క్రీన్ మీద ఊళ్ల పట్టీ. రాబోయే పాటలో గొంతు మొదలయ్యే ముందు పద్నాలుగు సెకన్ల వాయిద్యం ఉందనుకోండి. అంతలోపల మాట ముగియాలి. "శుభోదయం బార్న్‌స్లీ!" ఒక ఫైలు. "శుభోదయం హల్!" ఇంకో ఫైలు. "శుభోదయం లివర్‌పూల్!" అదే నవ్వు, అదే ఊపు, అదే ఆశ్చర్యం. ప్రతిదీ ఒకే నిడివి ఉండాలి. అర సెకను తగ్గితే ఆ ఒక్క ఊళ్లో నిశ్శబ్దం, అర సెకను పెరిగితే గాయకుడి నోట్లో యాంకర్ మాట. ఫైలు తప్పు గడిలో పడిందా, బార్న్‌స్లీవాళ్లకి హల్ ఓడరేవు శుభాకాంక్షలు అందుతాయి.

ఏం మాట్లాడాలన్నదానికీ పథ్యం ఉంది. వర్షం గురించి అనకూడదు, రికార్డు చేసింది వినబడేసరికి ఎండ కాస్తూ ఉండొచ్చు. మ్యాచ్ గురించి అనకూడదు, ఒక ఊరు గెలిస్తే పక్క ఊరు ఏడుస్తుంది. ట్రాఫిక్ అసలే వద్దు. "వారాంతం వచ్చేస్తోంది!" అనొచ్చు. వారాంతం అన్ని ఊళ్లకీ వస్తుంది కదా. "టీ తాగారా?" ఇది కూడా భేషుగ్గా పనిచేస్తుంది. వాన, మ్యాచ్, రోడ్డు తీసేస్తే ఒక ఊరికి మిగిలేది కేవలం పేరు. దాన్ని గడిలో టైపు చేస్తే స్థానికత సిద్ధం.

ఇంతవరకూ నవ్వొచ్చు. 2007 జూన్ 25 దగ్గరికి వస్తే నాకు నవ్వు రాదు. డాన్ నది కట్టలు తెంచుకుంది. షెఫీల్డ్‌లో ఇద్దరు చనిపోయారు. కప్పులెక్కిన మనుషుల్ని హెలికాప్టర్లు తీసుకెళ్లాయి. నీప్సెండ్ సబ్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి కరెంటు పోయింది. రాదరమ్ దగ్గర ఉలీ ఆనకట్ట తెగుతుందేమోనని ఎం1 హైవే మూశారు, కింద ఊళ్లు ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి స్మార్ట్ స్పీకర్ చచ్చిన చేప. వైఫై లేదు, కాసేపటికి సెల్ టవర్ బ్యాటరీలూ అయిపోతాయి. పనిచేసేది రెండు పెన్సిల్ సెల్స్ వేసిన ట్రాన్సిస్టర్, లేదా కారులో రేడియో. అందులోంచి ఎవరో ఒకరు, ఫలానా వంతెన మీదికి వెళ్లకండి అనాలి. ఆ వంతెన ఎక్కడుందో ఆ గొంతుకి తెలిసుండాలి. పొద్దున ముద్రించిన నవ్వుతో "వారాంతం వచ్చేస్తోంది!" అంటే ఆ రేడియోని నీళ్లలోకి విసిరేయక ఏం చేస్తారు? గంటకోసారి వార్తలు చదువుతున్నాం కదా అంటారు. వరద గంటకోసారి వస్తుందా? వార్తకీ వార్తకీ మధ్య యాభై ఎనిమిది నిమిషాలు ఊరు ఎవరికి ఫోన్ చెయ్యాలి? గాజుగదికా?

(ప్రైవేటు ఎఫ్‌ఎంకి సొంత వార్తలే వద్దు, ఆకాశవాణి బులెటిన్ మార్చకుండా వేసుకో అన్న దేశం మనది. కాబట్టి మనం మరీ గొంతు పెంచలేం.)

ఊరి మనుషుల్ని పెట్టుకుంటే గిట్టుబాటు కాదు, శ్రోతలకి పెద్ద పేర్లే కావాలి, ఈ రోజుల్లో ఊళ్ల హద్దులు ఎవరు చూస్తున్నారు అని వాదన. నిజమే, హద్దులు చెరిగిపోయాయి, ఒక్క ప్రకటనల విరామంలో తప్ప. పాట అవగానే అదే నెట్‌వర్క్ ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఈ ప్రాంతానికి ఈ తివాచీల కొట్టు, ఆ ప్రాంతానికి ఆ కార్ల షోరూము, ఒక్క సెకను తేడా లేకుండా. ఎవరు ఎక్కడున్నారో, ఏ కొట్టు ఎవరికి దగ్గరో, ఎవరి దగ్గర ఎంత గుంజాలో అప్పుడు మాత్రం కంపెనీకి కంఠతా వచ్చు.