‘ఇన్నేళ్లు నిలిచిన కట్టకు ఇంకా చెకింగ్ ఎందుకు?’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "సొంత స్థలంలో నీళ్లు ఆపే మట్టికట్ట ఉందా? ఏళ్ల తరబడి నిలిచిందంటే గట్టిపడినట్టే. చెట్ల వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. కాస్త ఊట మామూలే. అలుగు మీద పలకలు వేస్తే ఇంకొన్ని నీళ్లు ఆగుతాయి. ఇన్‌స్పెక్షన్లన్నీ డబ్బు గుంజడానికే." ఇందులో ఊట గురించిన మాట ఒక్కటే సగం నిజం, నాకు ఎక్కువ భయం కూడా దాంతోనే.

ముందు ‘పాతదైతే గట్టిది’ సంగతి. అమెరికాలోని కొలరాడోలో లాన్ లేక్ అనే ప్రైవేటు మట్టి డ్యామ్ ఉండేది. 1903లో కట్టారు, 79 ఏళ్లు నిలిచింది, 1982 జులై 15న తెగి ముగ్గురిని బలి తీసుకుంది. తెగడానికి వరద కారణం కాదు. తూము పైపుకీ వాల్వుకీ మధ్య అతుకులో వేసిన సీసం పాడైపోయి, అక్కడ కారిన నీళ్లు పైపు చుట్టూ ఉన్న మట్టిని లోపల్లోపలే కోసుకుంటూ పోయాయి. ముందు రోజు అడిగినా ‘ఇన్నేళ్లుగా ఏం కాలేదుగా’ అనే అనేవారేమో.

ఇక ఊట. మట్టికట్ట అన్నాక కొంత నీరు ఊరుతుంది, నిజమే. కానీ ఎంత ఊరుతోంది, ఏ రంగులో వస్తోంది? బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూసి, ఆ రోజు నీటిమట్టంతో పాటు రాసి పెట్టుకోండి. అదే మట్టం దగ్గర ఊట పెరిగిందంటే లోపల ఏదో మారుతోంది. నీళ్లు బురదగా వస్తే మాత్రం కట్ట మట్టే కొట్టుకొస్తోందని అర్థం, ఇక రేపు చూద్దాం అనుకోవడానికి లేదు, వెంటనే దిగువన ఉన్నవాళ్లకు చెప్పాలి, ఇంజనీరుని పిలవాలి. కంగారులో బయటి వైపు బంకమట్టి కొట్టి బుంగ మూసేస్తారు చాలామంది. ఆ నీళ్లు ఆగవు, ఇంకో చోట దారి చేసుకుంటాయి. ముందు ఇసుక, దాని మీద కంకర వేస్తే నీళ్లు బయటికి పోతూ మట్టి లోపలే ఆగుతుంది.

చెట్లా? వేరు కుళ్లితే ఆ ఖాళీయే నీళ్లకు గొట్టం. గాలికి మాను కూలితే కట్టలో ముక్క కూడా లేచొస్తుంది. మట్టిని పట్టి ఉంచడానికి గడ్డి చాలు, అదీ పొట్టిగా కోసి ఉంచితేనే ఎలుక బొరియలు, తడి మచ్చలు, పగుళ్లు కంటికి కనపడతాయి. (కట్టకు అడ్డంగా పడిన పగులైతే మరీ జాగ్రత్త, నీటి వైపు నుంచి బయటి వైపుకు నీళ్లకు అది తిన్నని దారి.) అలాగని ఇది చదివి రేపే గొడ్డలి పట్టుకోకండి. పెద్ద చెట్టయితే ఇంజనీరుని అడిగి, నీటిమట్టం మెల్లగా తగ్గించి తీయాలి, గుంతను పొరలు పొరలుగా దిమ్మిస కొడుతూ పూడ్చాలి. నీళ్లు ఒక్కసారిగా దించేస్తే నీటి వైపు వాలు జారిపోవచ్చు.

పలకల సలహా ఇచ్చినవాళ్లకు అలుగు ఎందుకుందో తెలియదనుకుంటా. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే కట్ట కోతపడి గండి పడుతుంది, అలా పొర్లకుండా మిగులు నీళ్లు బయటికి పోయే దారే అలుగు. పలకలు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది, చేపలు పోకుండా కట్టే వల కూడా చెత్త పట్టి అలాగే మూసేస్తుంది. హవాయిలోని కౌవాయి దీవిలో కా లోకో డ్యామ్, అదీ ప్రైవేటుదే, 2006 మార్చి 14న తెగి ఏడుగురు చనిపోయారు. అలుగు పూడిపోయి ఉండటం, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం గురించే తర్వాత విచారణలో ఎక్కువగా చర్చ నడిచింది.

డబ్బు విషయానికొస్తే, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి కట్ట పైన, రెండు వాలుల మీద, అడుగున నడిచి, ప్రతిసారీ అవే చోట్ల ఫొటోలు తీసుకోవడానికి ఎవరూ ఫీజు అడగరు.