చివర్లు చెత్తబుట్టలో

అమ్మాయి ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద కూర్చోబెట్టి, తెల్లటి వేళ్లు వచ్చేదాకా నాలుగు రోజులు పసిబిడ్డలా సాకింది. కణ విభజన స్లైడు చెయ్యాలట. "వేరు చివర్లు కోసిపెట్టు నాన్నా" అని బ్లేడు నా చేతికిచ్చి అవతలికెళ్లింది. నేను సగమే విన్నాను.

నాకు శుభ్రత ఎక్కువ. ప్రతి వేరుకీ కొస కాస్త పచ్చగా, మురికిగా అనిపించింది. కచ్చితంగా రెండేసి మిల్లీమీటర్లు కోసి చెత్తబుట్టలో పారేసి, మిగిలిన పొడుగాటి వేళ్లను వరసగా పేర్చాను.

"విభజన జరిగేది ఆ కొసలోనే నాన్నా! పైనున్నవి విడిపోవడం మానేసి సాగుతున్న కణాలు."

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చెత్తబుట్ట గాలించాం. ఏడు దొరికాయి. అందులో ఒకటి పెన్సిలు చెక్కు.

తర్వాత ఆమ్లంలో మెత్తబరచడం, ఎసిటోకార్మిన్ రంగు వెయ్యడం అన్నీ తనే చేసింది. పైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో నొక్కడం మాత్రం నా వంతు. నొక్కాను. టప్! రెండోది తనే నొక్కుకుంది.

క్రోమోజోములు బారులు తీరడం, కండె పోగులు వాటిని చెరో పక్కకీ లాగడం చూద్దామని మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. ఎటు చూసినా ఎర్రటి చుక్కను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్న గదులే.

"ఒక్కటీ పని చెయ్యట్లేదే!"

"అది అంతర్దశ, ఒక విభజనకీ ఇంకో విభజనకీ మధ్య కాలం. అసలు పనంతా అక్కడే. పెరగాలి, డీఎన్‌ఏని రెండింతలు చేసుకోవాలి, తప్పులుంటే దిద్దుకోవాలి. మనిషి కణానికి ఒక చక్రం సుమారు 24 గంటలనుకుంటే, అందులో విడిపోయే తంతు గంటే."

పూర్వం దీన్ని విశ్రాంతి దశ అనేవారట. ఆ పేరు మార్చినవాళ్లెవరో గానీ నాకు నచ్చలేదు.

అరగంట వెతికితే మధ్యస్థ దశలో, అంటే క్రోమోజోములు నడిమధ్య బారులు తీరిన దశలో, ఒకటి దొరికింది. ఉల్లికి 16 క్రోమోజోములు. నా లెక్కకి 19 తేలాయి. మూడు నా కనురెప్ప వెంట్రుకలు.

ఇక నావల్ల కాదని సోఫాలో వాలాను. "నన్ను కదపకు, అంతర్దశలో ఉన్నాను."

"నీది అంతర్దశ కాదు, జీ-జీరో. చక్రంలోంచి బయటికొచ్చి కూర్చున్నావు."

"కాలేయ కణాలూ అలాగే కూర్చుంటాయిగా? అవసరమైతే మళ్లీ చక్రంలోకి వస్తాయిగా?"

"వస్తాయి. కాలేయంలో ఓ ముక్క కోసేస్తే" అంటూ బ్లేడు కోసం చూసింది.