దేవుడు క్షమించాడు సరే, ఆ తర్వాత?

మన క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్ళ నోట ఎక్కువగా వినపడే మాట "దేవుడు నా పాపాలన్నీ క్షమించాడు" అన్నది. ఆ మాటను నేను మనసారా నమ్ముతాను, నా విశ్వాసానికి పునాదే అది. కానీ ఆ మాట చెప్పి కూర్చున్న మనిషి సోమవారం ఇంట్లో ఎలా ఉన్నాడు, తనవల్ల నష్టపోయినవాళ్ళకు ఏం తిరిగి ఇచ్చాడు అని అడిగే అలవాటు మనకు పోయింది. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది క్రైస్తవులు కారని తెలుసు, అయినా ఇది అందరి ముందూ చెప్పాల్సిన విషయమే అనుకుంటున్నాను, ఎందుకంటే మా క్షమాపణ మాటలు నిజమో కాదో మాకంటే ముందు మీకే తెలిసిపోతుంది.

జక్కయ్య సంగతి సండే స్కూల్ పిల్లలకు కూడా వచ్చు. పొట్టివాడు, మేడి చెట్టెక్కాడు, యేసు పేరు పెట్టి పిలిచి దిగమన్నాడు. పిల్లలకు అక్కడితో ఆపేస్తాం. లూకా 19వ అధ్యాయంలో అసలు విషయం ఆ తర్వాతే ఉంది. యెరికోలో సుంకం వసూలు చేసేవాళ్ళకు పెద్ద అతను, రోమా ప్రభుత్వం పేరు చెప్పి జనం దగ్గర గుంజి డబ్బున్నవాడయ్యాడని ఊరంతా అసహ్యించుకునే మనిషి. అలాంటివాణ్ణి యేసు ముందు లెక్కలు తేల్చుకుని రమ్మనలేదు, ఇవాళ నీ ఇంట్లో ఉంటానన్నాడు. జనం సణుక్కున్నారు. అప్పుడు జక్కయ్య ఎవరూ అడక్కుండానే లేచి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి కడతాను అన్నాడు. తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోతుందని సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. అతను అక్కడ ఆగలేదు. క్షమాపణ ముందు ఉచితంగా దొరికింది, మార్పు దాని వెనకాల వచ్చింది. ఈ వరస తిరగేస్తే అది మా విశ్వాసమే కాదు, కానీ రెండోది అసలు రాకపోతే మొదటిది నిజంగా అందిందా అని నాకు అనుమానం.

మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన అప్పుల ఉపమానం కూడా ఇదే అడుగుతుంది. ఒక దాసుడికి రాజు పదివేల తలాంతుల అప్పు మాఫీ చేశాడు. ఒక తలాంతు అంటే దాదాపు ఆరువేల దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి, అంటే మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి, ఎన్ని జన్మలెత్తినా తీరేది కాదు. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. మాఫీ అయిన సంగతి వాడి చెవిదాకానే వెళ్ళింది, చేతుల్లోకి రాలేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉంటున్న మనం గ్లాడిస్ స్టెయిన్స్‌ను గుర్తు చేసుకోవాలి. ఆమె భర్త గ్రాహం ఈ రాష్ట్రం వాడే, 1965లో ఒడిశాలోని బారిపదకు వెళ్ళి కుష్ఠు రోగుల మధ్య జీవితమంతా గడిపాడు. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో తమ బండిలో నిద్రపోతున్న ఆయన్నీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతీనీ ఒక గుంపు నిప్పు పెట్టి చంపేసింది. గ్లాడిస్ ఆ హంతకులను క్షమించానని చెప్పింది. చెప్పి విమానం ఎక్కేయలేదు, కూతురితో అక్కడే ఉండి ఆ రోగుల సేవ ఇంకా కొన్నేళ్ళు కొనసాగించింది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ బలం ఆమెకు సిలువ దగ్గరే దొరికిందని నేను నమ్ముతాను.

అయితే ఆమె క్షమించిందని కేసు ఆగలేదు. 2003లో కింది కోర్టు ప్రధాన దోషికి మరణశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. క్షమించడం వేరు, నేరానికి ఫలితం వేరు అని గ్లాడిసే స్పష్టంగా చెప్పింది. క్షమించమని ఆమెను ఏ పెద్దమనిషీ కూర్చోబెట్టి ఒత్తిడి చేయలేదు, అది ఆమెకూ దేవునికీ మధ్య జరిగిన విషయం.

మనం చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది, ఇది చెప్పకుండా ఉండలేను. భర్త చేతిలో దెబ్బలు తిన్న అమ్మాయి ప్రార్థన కూటమిలో నోరు విప్పితే, పెద్దలు ముందు ఆమెకే "డెబ్బై ఏళ్ళ మారులు", అంటే డెబ్బై ఏడులసార్లు క్షమించమన్న వాక్యం చదివి వినిపిస్తారు. "ప్రభువు నిన్ను క్షమించాడు కదమ్మా, నువ్వూ క్షమించి ఇంటికి వెళ్ళు" అంటారు. భర్త రెండు కన్నీటి చుక్కలు కారిస్తే అతనికి మాత్రం వెంటనే ప్రభు బల్ల దగ్గర, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, స్థానం దొరుకుతుంది. అమ్మానాన్నలు వేల మైళ్ళ దూరంలో, వీసా భర్త పేరు మీద, ఇక ఆ పిల్లకు మిగిలిందల్లా సంఘమే, అదీ ఇలా అంటే ఎక్కడికి పోతుంది? జక్కయ్య మోసపోయినవాళ్ళను తిరిగి ఇంకేమీ అడగలేదు, తానే కడతానన్నాడు. ఆ భర్తను అడగాల్సింది కూడా అదే: కొట్టానని పోలీసుల ముందు ఒప్పుకుంటావా, ఆమె భయం తీరేదాకా వేరే ఇంట్లో ఉంటావా, ఆమె దగ్గర లాక్కున్న జీతం డబ్బులు తిరిగి ఇస్తావా?

ఆమె ఎప్పుడు క్షమిస్తుందో, ఎలా క్షమిస్తుందో ఆమెకు వదిలేద్దాం. పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే, ఈ ఆదివారం ప్రకటనల కాగితంలో 1800 737 732 నంబరు వేయించండి. అది కుటుంబ హింసకు గురైనవాళ్ళ కోసం ఆస్ట్రేలియా అంతటా రాత్రింబవళ్ళు పనిచేసే ఫోన్ లైను. తెలుగులో మాట్లాడాలంటే దుబాసీ కావాలని అడగొచ్చు, ఆ సంగతి కూడా పక్కన రాయండి.