మామోగ్రామ్‌లో సున్నా వస్తే సంబరపడొద్దు

రొమ్ముకు తీసే ఎక్స్‌రేనే మామోగ్రామ్. దాని రిపోర్టు అడుగున, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే ‘బైరాడ్స్’ అంకె 0 అని ఉంటే, సున్నా కాబట్టి ఏమీ లేదనుకుని కాగితాన్ని బీరువాలో పెట్టేయడం సహజం. నిజానికి అది పరీక్ష పూర్తి కాలేదని చెప్పే అంకె. ఇంకో కోణంలో ఫిల్మ్ తీయాలి, లేదా అల్ట్రాసౌండ్ చేయాలి, లేదా పాత ఫిల్ములతో పోల్చి చూడాలి. ఊరట 1, 2 అంకెలది. 3 అంటే క్యాన్సర్ అవకాశం 2 శాతం లోపే, అయినా ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4, 5 వస్తే సూదితో ముక్క తీయాల్సిందే.

కోనసీమ ఊళ్లలో శిబిరం అనగానే మామోగ్రఫీ బస్సు ఎప్పుడొస్తుందనే అడుగుతాం. బస్సు వెళ్లిపోయాక సున్నా వచ్చినవాళ్లను ఎవరు పిలుస్తారన్నది అంతకంటే ముఖ్యం.

ఫిల్మ్ బాగా రావడం కూడా చిన్న విషయం కాదు. ఒక్కో రొమ్ముకు రెండు చొప్పున నాలుగు తీస్తారు: పై నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. ఏటవాలు ఫిల్మ్‌లో ఛాతీ కండరం చనుమొన ఎత్తు వరకు కనిపించాలి. కనిపించలేదంటే చంక వైపు భాగం ఫిల్మ్‌లోకి పూర్తిగా రానట్టే. కణితులు ఎక్కువగా పుట్టేది ఆ వైపు పైభాగంలోనే. పలకతో నొక్కేది కొన్ని సెకన్లే. నొప్పి పుడుతుందని టెక్నీషియన్ మొహమాటపడి వదులుగా నొక్కితే కణజాలం ఒకదాని మీద ఒకటి పడి మసకబారుతుంది, రేడియేషనూ పెరుగుతుంది. మన డెల్టా ఉక్కకు చంకలో పౌడరు, రోల్ ఆన్ రాసుకుని వస్తే ఆ రేణువులు తెల్లటి చుక్కలై, క్యాన్సర్‌కు గుర్తు కాగల కాల్షియం మచ్చల్లా భ్రమ కలిగిస్తాయి. ఆ రోజు ఏమీ పూసుకోకుండా రమ్మని ఆశా కార్యకర్త ముందే చెబితే చాలు.

వయసు తక్కువైతే రొమ్ము దట్టంగా ఉంటుంది. దట్టమైన కణజాలమూ తెలుపే, కణితీ తెలుపే. అందుకే ముప్పై లోపు వాళ్లకు ముందు అల్ట్రాసౌండే చేస్తారు. నీటితిత్తా, గట్టి గడ్డా అన్నది అక్కడ తేలుతుంది. అయితే సన్నటి కాల్షియం చుక్కలు చాలావరకు దానికి అందవు, అవి మామోగ్రామ్‌కే దొరుకుతాయి. ఎంఆర్ఐ వంశంలో జన్యులోపం ఉన్నవాళ్లకు పనికొస్తుంది గానీ ఊరందరికీ కాదు. వేడిని కొలిచే థర్మల్ కెమెరాను మామోగ్రామ్‌కు బదులుగా చూపిస్తే నమ్మొద్దు.

చేతికి గడ్డ తగులుతున్నప్పుడు ‘మామోగ్రామ్ నార్మల్’ అన్న మాటతో ఇంటికి పంపడం తప్పు. లంక నుంచి పంటు దాటి వచ్చే కూలీ మనిషి మూడుసార్లు రావడం కష్టం. ఒక్క రోజులోనే డాక్టరు చేత్తో చూడటం, ఫిల్మ్, అల్ట్రాసౌండ్, సూది అన్నీ అయిపోవాలి. ఆ సూది ముక్క తీయగల లావుపాటి 14 గేజ్‌దైతే మేలు. సన్న సూదితో పీల్చిన కణాలను బట్టి క్యాన్సర్ పాల నాళం దాటి బయటికి పాకిందో లేదో చెప్పలేరు. తీసిన ముక్కను గంటలోపే 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. సెలైన్‌లో వేసి కాకినాడకో రాజమండ్రికో పంపితే, అక్కడికి చేరేసరికి కణితి హార్మోన్లకు స్పందించే రకమా కాదా అని చూసే పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు.