భర్త ఉనికి ధ్రువపత్రం కావలెను

సర్కారు ఉద్యోగాల్లో ఆడవాళ్లకి వయసు సడలింపు దేనికండీ, సమానత్వం అంటూనే మళ్లీ ఈ ఎక్స్‌ట్రా ఏళ్లేమిటి అని బాధపడే పెద్దమనుషులు ఒడిశాలోని మా బరంపురంలో ఇంటికొకరున్నారు. టీ గ్లాసు చేతిలో పట్టుకునే అడుగుతారు, ఆ టీ ఎవరు పెట్టారో మాత్రం అడగరు.

నేనూ వాళ్ల పక్షమే. ఒడిశా ప్రభుత్వం గరిష్ఠ వయసులో ఆడవాళ్లకిచ్చే 5 ఏళ్లు మరీ ఎక్కువ. ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో తెలుగు మీడియం చదివిన పిల్లని ఇక్కడికి కోడలిగా తెచ్చుకుంటాం కదా, ఇక్కడ ఉద్యోగం కావాలంటే ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఇద్దరు పిల్లల్ని కని, అత్తగారి మోకాళ్లకి కాపడం పెట్టి, అప్పడాలు ఎండబెట్టి, మబ్బు పడితే డాబా మీదకి పరిగెత్తి తీసి, మిగిలిన టైములో ఒడియా అక్షరాలు దిద్దుకోవడానికి 5 ఏళ్లు ఏం చేసుకుంటుంది? మా ఊరి ఠాకురాణి అమ్మవారి జాతరైతే చెప్పినట్టు రెండేళ్లకోసారి వస్తుంది, నోటిఫికేషన్‌కి ఆ పట్టింపు కూడా లేదు.

కేంద్రం ఇంత మెతక కాదు. సివిల్స్‌లో జనరల్‌కి 32 అంటే 32, ఆడవాళ్లకంటూ విడిగా ఒక్కరోజు కలపదు. గ్రూప్ సి పోస్టులకి మాత్రం 35 దాకా, ఎస్సీ ఎస్టీలైతే 40 దాకా ఇస్తుంది. ఎవరికి? వితంతువులకి, విడాకులైనవాళ్లకి, కోర్టు ద్వారా భర్త నుంచి విడిపోయినవాళ్లకి. (ఇవ్వాల్సిందే, అందులో వెటకారం లేదు.) మరణ ధ్రువపత్రమో కోర్టు డిక్రీయో జతచేసి, మళ్లీ పెళ్లి చేసుకోలేదని అఫిడవిట్ ఇవ్వాలి. అంటే భర్త పోతేనే ఆడదానికి టైము పోయినట్టు, ఉన్నన్నాళ్లూ తీరికే తీరిక! మళ్లీ పెళ్లాడితే ఆ పోయిన ఏళ్లన్నీ కొత్త పెళ్లికొడుకు మూటగట్టి తెచ్చిస్తాడు కాబోలు.

అందుకని ఒక సవరణ. భర్త ఉన్నవాళ్లకీ సడలింపు ఇచ్చి, రుజువుగా "భర్త ఉనికి ధ్రువపత్రం" అడగండి. తహసీల్దారు ఇంటికొచ్చి, ఆయనగారు సోఫాలో ఉన్నారా, తడి తువ్వాలు మంచం మీదుందా, పరీక్ష ముందురోజే చుట్టాలు దిగారా అని చూసి సంతకం పెడితే చాలు. ఆడపడుచు పురిటికొస్తే ఆరు నెలలు అదనం. ఉమ్మడి కుటుంబమైతే నేరుగా పెన్షనే ఇచ్చేయండి, మధ్యలో ఉద్యోగం టెన్షన్ ఎందుకు.

మగవాళ్లకీ ఇదే సడలింపు పెట్టండి, నాకే అభ్యంతరమూ లేదు. కాకపోతే భార్య ఉన్నందువల్ల చదువుకోవడానికి టైము దొరకలేదని అఫిడవిట్ రాసి, కింద సాక్షిగా ఆవిడ చేతే సంతకం పెట్టించుకుని రావాలి.