23 రోజులు, 31 ఇళ్ళు, ఒక ఆడిట్ అభ్యంతరం

నేను సహకార శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఆడిట్ చేసి రిటైరయ్యాను. గోడౌన్లో లేని యూరియా బస్తాలు స్టాకు రిజిస్టర్లో ఎలా పుడతాయో, ఉన్న బస్తాలు ఎలా ఆవిరైపోతాయో చూసిన కళ్ళు ఇవి. అందుకే మా తమ్ముడి కొడుకు డాలస్ నుంచి సెలవులకి వస్తున్నాడని తెలిసిన రోజు, ఇంట్లో ఆడవాళ్ళు ఏం వండాలా అని, మా తమ్ముడు ఎవరి కారు అడగాలా అని ఆలోచిస్తుంటే, నేను బజారుకెళ్ళి రెండు వందల పేజీల గట్టి అట్ట రిజిస్టరు ఒకటి తెచ్చుకున్నాను.

"ఇప్పుడిదెందుకు బావగారూ?" అంది మా మరదలు.

"పిల్లాడు వస్తాడు, పోతాడు. లెక్క మిగలాలి కదమ్మా" అన్నాను.

ఇది నవ్వులాట విషయం కాదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాదే చైనాని దాటి మొదటి స్థానంలోకి వచ్చాం. అందులో తెలుగువాళ్ళు ఎందరో తెలుసుకోవాలంటే సర్వే అక్కర్లేదు, తెనాలిలో మా అపార్ట్‌మెంటు మెట్లు దిగుతూ ఫ్లాట్లు లెక్కపెట్టుకుంటే చాలు. ఇంతమంది సెలవులకి వచ్చి పోతున్నా, ఆ రాకపోకలకి ఒక ఓచరు లేదు, ఒక రసీదు లేదు. ఏ చుట్టం ఇంట్లో ఎంతసేపు కూర్చున్నాడో చెప్పే కాగితమే లేదు. పంచాయితీ బోరుకైనా లాగ్ బుక్ ఉంటుంది.

నా మొదటి అభ్యంతరం అమెరికా విశ్వవిద్యాలయాల మీద. సెలవులిచ్చే ముందు వాళ్ళు పంచాంగం చూడరు. చలికాలం సెలవులు డిసెంబరు మధ్యలో ఇస్తారు. సరిగ్గా అప్పుడే ఇక్కడ ధనుర్మాసం. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, పెళ్ళిచూపులన్నా కూడా "నెల పట్టారు కదండీ, పండగ వెళ్ళాక చూద్దాం" అంటారు. తీరా సంక్రాంతి వచ్చి అరిసెల పాకం పొయ్యి మీదకి ఎక్కే వేళకి వీడి క్లాసులు మొదలవుతాయి. పోనీ వేసవిలో రమ్మందామా అంటే, ఈ 2026నే చూడండి. మే మధ్యలో వాళ్ళ సెమిస్టరు అయిపోతుంది, మే 17న ఇక్కడ అధిక జ్యేష్ఠం మొదలవుతుంది. జూన్ సగం దాకా అదే. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం నాలుగు వారాలు చేతికొస్తుంది, ఆ నాలుగు వారాలూ వాడికి ఇంటర్న్‌షిప్. జులై సగంలో ఆషాఢం. ఆగస్టులో శ్రావణం వచ్చి సన్నాయి మోగే వేళకి వీడు మళ్ళీ షంషాబాద్‌లో బోర్డింగ్ పాసు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఈ ఉగాదికి వచ్చే సంవత్సరం పేరే పరాభవ, ఇంకెవర్ని అని ఏం లాభం! ఇంత ఫీజు కట్టించుకునే వాళ్ళు సెలవుల కమిటీలో ఒక్క సిద్ధాంతిగారిని కూర్చోబెట్టుకోలేరా అని మాత్రం అడుగుతున్నాను.

పిల్లాడు డిసెంబరు 17 తెల్లవారుజామున దిగాడు. అక్కడి నుంచి సరాసరి తీసుకెళ్ళింది ఇంటికి కాదు, చిలుకూరుకి. వీసా రావాలని 2024లో అక్కడ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు. వీసా వచ్చింది. కోరిక తీరాక చెయ్యాల్సిన 108 మాత్రం, క్లాసులు మొదలైపోతాయంటూ చెయ్యకుండానే విమానం ఎక్కేశాడు. అంటే ఏడాదిన్నరగా బాలాజీకి బాకీ. దేవుడి బాకీ నెత్తిన పెట్టుకుని చుట్టాలిళ్ళకి తిరిగితే ఏ ఇంట్లో తిన్నది ఒంటపడుతుంది?

చేతికి కార్డు ఇచ్చారు. దాని మీద ఒకటి నుంచి 108 దాకా అంకెలు, చుట్టు తిరిగిన కొద్దీ ఒక్కో అంకె కొట్టేసుకుంటూ పోవాలి. నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఓచరు చూడలేదు. తొంభై దాటాక పిల్లాడు గుడి చుట్టూ కాకుండా చెప్పుల స్టాండు వైపు నడుస్తున్నట్టు గమనించి, భుజం పట్టుకుని దారి మళ్ళించాను. ఆ చుట్టు లెక్కలోకి తీసుకోలేదు, మళ్ళీ తిరిగించాను. ముగిసేసరికి పదకొండున్నర. వాడి ఒంటికి అది డాలస్ అర్ధరాత్రి. కార్డుని రిజిస్టరు మొదటి పేజీకి గుండుసూదితో గుచ్చాను.

ఇక వాటాధనం సంగతి. వాడు అమెరికా వెళ్ళిన రోజు ఒక్క ప్రయాణికుడి కోసం మూడు కార్లలో పందొమ్మిది మందిమి షంషాబాద్ వెళ్ళాం. మేనత్త పదివేలు చేతిలో పెట్టింది. చీరాల బాబాయి రెండు దుప్పట్లు ఇచ్చాడు, అవి తర్వాత బరువు ఎక్కువై ఎయిర్‌పోర్టులోనే వెనక్కొచ్చాయి, అది వేరే సంగతి. వచ్చినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు, కనీసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు అందరూ సభ్యులే. సభ్యులన్నాక డివిడెండు అడుగుతారు.

డివిడెండు అంటే చాక్లెట్లు. 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు తెరిస్తే తొమ్మిది కిలోల చాక్లెట్లు, అయిదు కిలోల బాదంపప్పు, విటమిన్ మాత్రల డబ్బాలు పద్నాలుగు, మిగిలిన సందుల్లో వాడి బట్టలు రెండు జతలు. బాదం గురించి ఆడిటరుగా ఒక మాట చెప్పాలి. కాలిఫోర్నియా బాదాన్ని విదేశాల్లోకెల్లా ఎక్కువగా కొనేది మనమే, తెనాలి కిరాణా కొట్టులో అమ్మేదీ అదే. అంటే తెనాలిలో దొరికే సరుకుని పదమూడు వేల కిలోమీటర్లకి పైగా మోసుకొచ్చి తెనాలిలోనే పంచాం. ఈ మాట పైకి అంటే మా మరదలు "అక్కడి నుంచి తెచ్చిన బాదం రుచి వేరు బావగారూ" అంది. రుచికి ఓచరు ఉండదు కాబట్టి వదిలేశాను.

చూడాల్సిన ఇళ్ళు 33 మంజూరు చేశాను. తెనాలి, దుగ్గిరాల, రేపల్లె, బాపట్ల, చీరాల, మంగళగిరి, గుంటూరు. ఇంటికి నలభై నిమిషాలు, చనిపోయినవాళ్ళున్న ఇంటికి అదనంగా పది. రిజిస్టరు తిరగేస్తే కొన్ని వ్యత్యాసాలు కనపడుతున్నాయి. గుంటూరులో మొదటి ఇంట్లో "అయ్యో, చిక్కి శల్యమైపోయావేంట్రా" అన్నారు. అదే వీధిలో, రెండు వందల మీటర్ల అవతల, రెండో ఇంట్లో "బాగా ఒళ్ళు చేశావురా అబ్బాయ్, అక్కడి తిండి పడినట్టుంది" అన్నారు. మధ్యలో వాడు తిన్నది ఒక సున్నుండ. ఈ వ్యత్యాసానికి రెండిళ్ళ వారినీ వివరణ కోరాను. ఇంతవరకు రాలేదు.

"ఎలా ఉన్నావురా?" అని అడిగిన ఇళ్ళు నాలుగు. నాలుగు చోట్లా జవాబు వచ్చేలోపే కాఫీ వచ్చింది.

"ఉద్యోగం వచ్చిందా?" అని అడిగిన ఇళ్ళు 31. అంటే నూటికి నూరు. వాడి జవాబు కూడా 31 చోట్లా ఒకటే: "ట్రై చేస్తున్నా." ఇది ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు. ఇలాంటివాటికి మా శాఖలో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది, అందులో వేశాను. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి 12 నెలలు, వాడిది స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు) కోర్సు కాబట్టి ఇంకో 24. ఈ ఖాతా సర్దుబాటుకి ఉన్న గడువు అదే.

రేపల్లె ఇల్లు గురించి కాస్త విడిగా రాయాలి. ఆ ఇంటి పెద్దాయనకి పాస్‌పోర్టు లేదు. రైల్లో బెర్తు రిజర్వేషన్ కూడా అల్లుడే చేయించాలి. అయినా అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి మీద గంటంపావు మాట్లాడారు. ఏడాదికి 85,000 వీసాలని, అందులో 20,000 అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకని, 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు పెట్టాడని, అంటే మన రూపాయల్లో తొంభై లక్షలకి అటూ ఇటూ అని. పిల్లాడు నోట్లో కజ్జికాయ పక్కకి నెట్టుకుని, "అది బయటి దేశం నుంచి రప్పించే వాళ్ళకి మావయ్యా, అక్కడే చదువుకుని వీసా మార్చుకునే వాళ్ళకి కాదు" అనబోయాడు.

"నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నారాయన.

ఆ తర్వాత ఆ వీసాలకి పేర్లు తీసే లాటరీ సంగతి వచ్చింది. ఇకనుంచి లాటరీలో జీతం ఎక్కువున్న వాళ్ళకి ఎక్కువ మొగ్గు ఉంటుందని డిసెంబరు ఆఖర్లో రూలు తెచ్చారట. "ఇందులో వింతేముంది, మన సంబంధాలన్నీ ఎప్పట్నుంచో అలాగేగా చూస్తున్నాం" అంది వాళ్ళావిడ లోపల్నుంచి, కాఫీ గ్లాసులు సర్దుతూ. ఆవిడ మాటకి ఆడిట్‌లో అభ్యంతరం లేదు.

తిరుగు ప్రయాణం సామాను లెక్క వేరే అనుబంధంలో ఉంది, ఇక్కడ టూకీగా చెప్తాను. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టెలో పెట్టనివ్వరు, 2022 నుంచి నిషేధం, నూనె ఎక్కువ కాబట్టి అంటుకుంటుందట. కరివేపాకు రెబ్బలు అమెరికా వాళ్ళు రానివ్వరు. నాటుకోడి పచ్చడీ అంతే, మాంసం పనికిరాదు. వాడు ఆ సీసా తీసి పక్కన పెడితే మా చెల్లెలు "కోడి అని ఎందుకు రాస్తావురా, పనసకాయ పచ్చడి అని రాయి" అంది. రికార్డుల తారుమారు నా కళ్ళముందు జరగనివ్వను. ఆ సీసా ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. సగం ఉంది.

ఇవన్నీ చిన్న అభ్యంతరాలు. ఎలా సర్దాలో తెలియక నేను సతమతమవుతున్నది ఒక్కటే, జనవరి 4 పద్దు.

ఆ రోజు సొంత ఊరు ప్రోగ్రామ్. కొల్లిపర మండలంలో కృష్ణ ఒడ్డున మా ఊరు. పదింటికి గుడిలో కొబ్బరికాయ, తర్వాత పొలం, పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా పాత ఇంట్లో మా అమ్మ దగ్గర, ఆపైన దుగ్గిరాలలో ఒక ఇల్లు, మంగళగిరిలో ఒక ఇల్లు. గుడి అయింది. పొలం మా నాన్న కొన్న ఎకరంన్నర, ఇప్పుడు వాడి చదువు అప్పు నలభై లక్షలకి బ్యాంకులో తాకట్టు. బ్యాంకు వాళ్ళు విలువ కట్టడానికి వచ్చినప్పుడు మా తమ్ముణ్ణి ఏ గట్టు మీద నిలబెట్టి ఫొటో తీశారో, పిల్లాణ్ణీ అదే గట్టు మీద నిలబెట్టి తీశాను. రెండు ఫొటోలూ రిజిస్టర్లో పక్కపక్కనే అంటించాను. ఆస్తి, అప్పు ఒకే పేజీలో కనపడటం మంచి పద్ధతి.

పసుపు ఆకులు పండుబారి నేలకి వాలుతున్నాయి. వాడు వంగి ఒక ఆకు తుంచి వాసన చూశాడు. "పెద్దనాన్నా, ఇది ఎప్పుడు తవ్వుతారు?" అన్నాడు.

"నువ్వెళ్ళాక" అన్నాను. ప్రశ్న అజెండాలో లేదు.

పాత ఇంట్లో అసలు గోల మొదలైంది. అమ్మ వాణ్ణి ఉద్యోగం గురించి అడగలేదు. వీసా గురించి అడగలేదు. చిక్కావనలేదు, ఒళ్ళు చేశావనలేదు. "చేతులు కడుక్కో" అంది. పీట వేసి, వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన మాగాయ టెంక ఒకటి. 31 ఇళ్ళలో "కొంచెం చాలు పిన్నీ, కడుపు నిండుగా ఉంది అత్తయ్యా" అన్న పిల్లాడు ఇక్కడ మూడుసార్లు వడ్డించుకున్నాడు. నాలుగోసారి పెరుగన్నం. టెంకని తెల్లబడేదాకా చీకాడు. తర్వాత వసారాలో నులక మంచం మీద, దిండన్నా లేకుండా, ఫోను నేల మీద బోర్లా పడేసి పడుకున్నాడు.

పదకొండుంపావుకి లేపాను. లేవలేదు. పన్నెండుకి కారు హారన్ కొట్టించాను. అటు తిరిగి పడుకున్నాడు. దుగ్గిరాల నుంచి ఫోను, "ఉప్మా చల్లారిపోతోంది" అని. మంగళగిరి నుంచి ఫోను, "మమ్మల్ని మర్చిపోయార్లే" అని. మూడున్నరకి లేచాడు. అంటే మంజూరైన 45 నిమిషాలకి బదులు అయిదు గంటలు. రెండిళ్ళు రద్దు. దుగ్గిరాల వాళ్ళు ఇప్పటికీ మా తమ్ముడితో సరిగ్గా మాట్లాడటం లేదు. వాడు నిద్రలో గడిపిన ఈ సమయం ఏ పద్దు కింద వేయాలి? బంధు దర్శనం కాదు. మొక్కు కాదు. అప్పు తీర్చటానికీ పనికిరాదు, సంబంధానికీ పనికిరాదు. ఫొటో కూడా లేదు.

పద్ధతి ప్రకారం వాడు పడుకుని ఉండగానే అక్కడే అరుగు మీద కూర్చుని హాఫ్ మార్జిన్ మెమో రాశాను. కాగితం మధ్యకి మడిచి, ఎడమ పక్క అభ్యంతరం, కుడి పక్క జవాబుకి ఖాళీ. అమ్మకి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను: "మంజూరైన సమయానికి మించి కుర్రవాణ్ణి మీ వద్ద ఉంచుకున్నందుకు గల కారణాలు తెలుపవలెను..."

అమ్మ విసనకర్ర ఊపటం ఆపకుండానే నా వైపు చూసింది.

"మెల్లిగా చదవరా, పిల్లాడు లేస్తాడు."

కుడి పక్క అదే రాసుకున్నాను. అభ్యంతరం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.