మిగతావన్నీ కన్ఫర్మ్

బ్రెడ్‌బోర్డు మీద, అంటే వైర్లు గుచ్చి ప్రయోగాలు చేసుకునే చిల్లుల పలక మీద, నా దీపం బ్రహ్మాండంగా పనిచేసేది. చీకటి పడితే వెలిగేది, తెల్లారితే ఆరేది. పక్కనుంచి ఎవరైనా గట్టిగా నడిచినా ఆరేదనుకోండి, అది వేరే సంగతి. ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి, వెలుతురును పసిగట్టే సెన్సరు, నాలుగైదు రెసిస్టర్లు, ఒక ఎల్‌ఈడీ, కరెంటుకు యూఎస్‌బీ సాకెట్. ఉన్నవి అంతే. వాటిని కలిపే వైర్లు మాత్రం పిచ్చుక గూడులా ఉండేవి.

"ఇది దీపమా, చిక్కుముడా?" అంది అక్క.

రోషం వచ్చింది. దీన్ని అసలు సిసలు పీసీబీగా, అంటే వైర్ల బదులు రాగి గీతలుండే బోర్డుగా చేయిస్తానని, భాగాలు కూడా ఫ్యాక్టరీవాళ్ల చేతే అతికించి తెప్పిస్తానని, ఒక్క వైరు కూడా కనిపించదని శపథం చేశాను.

బోర్డు గీయడానికి రెండు వారాలు పట్టింది. రాత్రిళ్లు నిద్ర కళ్లతో గీసేవాణ్ణి. అనుమానం వచ్చినచోట బోర్డు మీదే పక్కన తెలుగులో ఓ ముక్క రాసుకుని ముందుకు పోయేవాణ్ణి. చివర్లో డీఆర్‌సీ అని, గీసినదాంట్లో తప్పులు వెతికే పరీక్ష నడిపితే తప్పులు సున్నా అని చూపింది. బడిలో కూడా నాకు ఎప్పుడూ రాని ఫలితం. ఆ గర్వంతోనే ఆర్డరు పేజీ తెరిచాను.

తెరిస్తే అదో ప్రశ్నపత్రం. బోర్డు మందం ఎంత? ముందే 1.6 మిల్లీమీటర్లు అని పెట్టి ఉంది, దాన్ని కదపలేదు. రాగి పొర 1 ఔన్సు అట. బరువు చెప్పి మందం చూసుకోమనడం ఏం న్యాయమో! లెక్క తీస్తే అది 35 మైక్రాన్లు. పైపూత ఏది కావాలి? కరిగిన లోహంలో ముంచి వేడిగాలితో ఊదేది ఒకటి, నికెల్ మీద పల్చగా బంగారం పూసేది ఇంకొకటి. రాత్రి దీపానికి బంగారమెందుకని మొదటిదే పెట్టాను. వయాలకు టెంటు వేయాలా అని కూడా అడిగారు. వయా అంటే ఒక పొర నుంచి ఇంకో పొరకు కరెంటు దిగే సన్నటి రంధ్రం. రంధ్రానికి గుడారం ఏమిటో అర్థం కాలేదు గానీ, పాపం ఎండ తగులుతుందేమోనని వేయమన్నాను. పై రంగుపూతతో దాన్ని కప్పేయడాన్నే అలా అంటారని తర్వాత తెలిసింది. ఇవన్నీ కలిపి పది నిమిషాల్లో తేల్చేశాను. బోర్డు రంగు ఎంచుకోవడానికి మాత్రం ముప్పావుగంట పట్టింది.

తర్వాత గెర్బర్ ఫైళ్లు అడిగారు, అంటే బోర్డు మీద ఏ పొరలో ఏం గీయాలో ఫ్యాక్టరీకి చెప్పే ఫైళ్లు. గెర్బర్ అనేది ఓ మనిషి పేరని అప్పుడే తెలిసింది. జోసెఫ్ గెర్బర్ చదువుకునే రోజుల్లో లెక్కల బాధ పడలేక పైజామా ఎలాస్టిక్ లాగి, దాని మీద గీతలు పెట్టి సాగే స్కేలు చేసుకున్నాడట. తర్వాత ఆయన పెట్టిన కంపెనీ చేసిన, బొమ్మలు గీసే యంత్రాల నుంచే ఈ ఫైళ్లకు ఆ పేరు వచ్చింది. నేను పైజామా వేసుకునే బోర్డు గీశాను. అంతవరకే పోలిక.

భాగాలు అతికించాలంటే ఇంకో రెండు ఫైళ్లు కావాలి. ఏ భాగం కావాలో చెప్పే జాబితా ఒకటి, అది ఎక్కడ ఏ కోణంలో కూర్చోవాలో చెప్పేది ఇంకొకటి. జాబితాలో రెసిస్టరు సైజు 0603 అని రాశాను. ఆ పేరుతో లోకంలో ఇద్దరున్నారు. అంగుళాల లెక్కలో 0603 అంటే 1.6 మిల్లీమీటర్ల పొడవు. మిల్లీమీటర్ల లెక్కలో అదే 0603 అంటే 0.6 మిల్లీమీటర్లు. అంటే చీమ మోసుకుపోయినా మనకు తెలియదు. అదృష్టం బాగుండి నాకు పెద్దదే తగిలింది.

ఫైళ్లు ఎక్కించాక తెర మీద బోర్డు బొమ్మ కనిపించింది. చూస్తే చిప్పు అడ్డంగా పడుకుని ఉంది! నేను గీసిన సాఫ్ట్‌వేరు సున్నా డిగ్రీలు అనుకునేది ఒకటి, వాళ్ల యంత్రం సున్నా అనుకునేది మరొకటి. చిప్పు మీద ఒకటో కాలు దగ్గర చుక్క ఉంటుంది, దాన్ని బోర్డు మీది చుక్కతో కలపాలి. 90 డిగ్రీలు తిప్పాను. ఎటో పోయింది. ఇంకో 90. తలకిందులైంది. ఆ చుక్కతో రెండు గంటలు కుస్తీ పట్టి, చివరికి కలిసేసరికి లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. ఆ ఊపులోనే ఆర్డరు పెట్టేశాను. కనీసం 5 బోర్డులు తీసుకోవాలన్నారు. 5 ఇళ్లలో వెలుగు నింపుదామనుకున్నాను.

మర్నాడు ఫ్యాక్టరీ ఇంజనీరు నుంచి మెయిల్. ఎల్‌ఈడీ ప్లస్సు ఎటువైపో సరిగ్గా తెలియడం లేదు, చెప్పగలరా అని. నన్ను! ఇంజనీరు! సలహా! బొమ్మ గీసి, ఎర్ర గీతలు పెట్టి, మూడు పేరాల జవాబు రాశాను. కింద ఇంకేదో ప్రశ్న ఉన్నట్టుంది. "మిగతావన్నీ కన్ఫర్మ్" అని దర్జాగా రాసి పంపేశాను.

కొన్నాళ్లకు పెట్టె వచ్చింది. బోర్డులు చూడముచ్చటగా ఉన్నాయి. సోల్డరు మెరుస్తోంది. చిప్పు మీది చుక్క, బోర్డు మీది చుక్క పక్కపక్కనే. ఎల్‌ఈడీ నేను చెప్పినట్టే కూర్చుంది. అక్కను పిలిచి, లైట్లు ఆర్పేసి, కేబుల్ తీసుకున్నాను.

పెట్టడానికి చోటు దొరకలేదు.

లైటు వేసి చూస్తే యూఎస్‌బీ సాకెట్ బోర్డు అంచునే ఉంది, కానీ దాని నోరు లోపలికి తిరిగి ఉంది. సెన్సరుతో ఏదో గుట్టు చెబుతున్నట్టు. కేబుల్‌ను బోర్డు మీదుగా తెచ్చి దూర్చబోయాను. దాని లావుపాటి తలకు కింద బోర్డే అడ్డం. మిగతా నాలుగూ తీశాను. నాలుగూ అంతే.

ఫ్యాక్టరీవాళ్లను నాలుగు మాటలు అనడానికి పాత మెయిల్ తెరిచాను. రెండో ప్రశ్న కనిపించింది: "సాకెట్ లోపలి వైపుకు ఉంది, మీ ఉద్దేశం అదేనా?" ఫోటో, చుట్టూ ఎర్ర గుండ్రం కూడా ఉన్నాయి. దాని కింద నా "కన్ఫర్మ్". డీఆర్‌సీని తిట్టుకుందామంటే, గీతకూ గీతకూ మధ్య ఖాళీ చాలా లేదా అని కొలిచే ఆ పరీక్షకు సాకెట్ నోటితో పనేముంది? అసలు సైజులో బోర్డును కాగితం మీద ప్రింటు తీసి, సాకెట్‌ను దాని మీద పెట్టి చూసుంటే మూడు నిమిషాల్లో బయటపడేది. చుక్క కోసం రెండు గంటలు పెట్టినవాడికి ఆ మూడు నిమిషాలు దొరకలేదు.

చేసేదిలేక పాత కేబుల్ ఒకటి కోసి, సాకెట్ కాళ్ల దగ్గర ఎర్ర వైరు, నల్ల వైరు సోల్డరు చేశాను. దీపం వెలిగింది. వైర్లు వేలాడుతున్నాయి.

అక్క బోర్డును దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏరా, ఈ ఫ్యాక్టరీవాళ్లు ఎంత మంచివాళ్లురా!"

"ఏమైంది?"

"తప్పెక్కడుందో వాళ్లే రాసి పంపారు. అదీ తెలుగులో."

సాకెట్ పక్కనే, తెల్లటి అక్షరాలతో, ఒక్క ఒత్తు కూడా చెదరకుండా అచ్చయి ఉంది: "ఇది ఎటు తిరగాలో ఒక్కసారి చూసుకోవాలి". సాకెట్ వైపు ఒక బాణం గుర్తు కూడా. అయిదు బోర్డుల మీదా.

"మన భాష నేర్చుకుని మరీ చెప్పారంటే..." అంటూ అక్క ఇంకా మెచ్చుకుంటూనే ఉంది. నేను కాదనలేదు.